ఖాళీ కన్నాలు

"హలో సార్... వినపడుతోందా సార్?" అని లోపలి గదిలోంచి యమున అడిగింది. వసారాలో మంచం మీద కూర్చుని గోగునార పేనుతున్న కూర్మయ్య చేతులు ఆగిపోయాయి. కోడలు ఆ మాట ఒకసారి అంటే ఫర్వాలేదు. రెండోసారి అన్నప్పుడు గొంతు పెద్దదవుతుంది. మూడోసారి తర్వాత మాట ఉండదు, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడే.

కుర్చీ జరిగింది.

యమున చెవులకి పెట్టుకున్నది మెడలోకి దించుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"పోనాదేటమ్మీ?"

"పోనాది మావా. రోగి పేరు అడుగుతన్నాను, సగంలో కొట్టీసినాది."

ఏవో ఆసుపత్రులకి జనం చేసే ఫోన్లు ఇంట్లో కూర్చుని అందుకోవడం, ఎవరికి ఏ డాక్టరు, ఎప్పుడు రావాలి అన్నది కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. ఇంకా పని ఇచ్చినట్టు కాదు, నేర్పుతున్నారు. జూట్ మిల్లు మూతపడ్డాక మొగుడు త్రినాథ్ ఆటో తిప్పుతున్నాడు. ఆటో ఒకనాడు తిరుగుతుంది, ఒకనాడు స్టాండులో నిలబడుతుంది.

"గాలిలో వొచ్చే నెట్టుతో కుదరదంతన్నారు మావా. తీగే ఉండాలంట. సోమారం పొద్దున లైను పరీచ్చ సేస్తారు. ఆ పరీచ్చలో ఒక్కపాలి తెగినా నా పేరు తీసీస్తారంట."

ఆమె ఏడవలేదు. చీరకొంగు అంచుని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది. కూర్మయ్యకి అది చూడ్డం ఏడుపు కంటే కష్టంగా ఉంది.

ఆ ఇంట్లో నెట్టు లేక కాదు. పెద్దకొడుకు నరసింగరావు వాటాలో ఉంది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇంటి మధ్యన గోడ లేచింది. ముందు వసారా, పెరట్లో నుయ్యి, కూర్మయ్య, ఈ మూడూ ఉమ్మడిలో మిగిలాయి. కూర్మయ్య ఒక నెల ఈ గుమ్మంలో తింటాడు, ఒక నెల ఆ గుమ్మంలో. నెట్టు బిల్లు అన్నదమ్ములిద్దరూ కడతారు. రూటరు మాత్రం నరసింగరావు హాల్లో, టీవీ కింద. దానికి తీగలు పెట్టుకునే కన్నాలు రెండే. ఒకటి టీవీకి. రెండోది పెరట్లో ఎరువుల గొడౌను మీది కెమెరాలకి. నరసింగరావుకి గజపతినగరంలో ఎరువుల కొట్టుంది. కొట్లో కూర్చుని గొడౌను తలుపుని ఫోనులో చూసుకుంటూ ఉంటాడు.

సాయంత్రం అతను బండి దిగగానే కూర్మయ్య ఎదురెళ్లాడు.

"ఒరే నర్సింగూ, ఆ టీవీ తీగ ఒకటి కోడలికి ఇయ్యరా. పగటిపూటే."

"నీ పెద్దకోడలు ఊరుకుంతాదేటి? అడిగి సూడు."

లోపల్నించి దుర్గ గొంతు వచ్చింది. "నన్నెందుకు మజ్జిలో ఎడతారు? నాను ఏటీ అన్నేదు."

"పోనీ కెమేరాది?"

"యూరియా బస్తాలున్నాయయ్యా అక్కడ. నీకేటి తెలుసు." నరసింగరావు చెప్పులు విప్పి, కాస్త తగ్గాడు. "సూడు, ఒక తీగని నాలుగైదు తీగలు సేసే పెట్టె అమ్ముతారు. అది కొనుక్కోమను. నాను కాదనను. గాని ఆ పెట్టె ఎట్టినాక నా కెమేరా ఆగిందంటే మాత్రం అప్పుడే పీకి పడేత్తాను. ముందే సెప్తన్నాను."

గోడకి అటువైపు యమున తోముతున్న అంట్ల చప్పుడు ఆగిపోయింది. అన్నీ వినబడ్డాయన్నమాట.

మర్నాడు మావా కోడలూ బస్సెక్కి విజయనగరం వెళ్లారు. త్రినాథ్ ఆటోలోనే వెళ్దామంటే యమున ఒప్పుకోలేదు, శనివారం బేరాలు పోతాయని. గంటస్తంభం దాటి ఓ సందులో చంద్రమౌళి కొట్టు. ముత్తాత నాడు చింతపండు, మిరపకాయలు అమ్మిన కొట్టేనట. ఇప్పుడు పైనుంచి కింది దాకా తీగల చుట్టలు వేలాడుతున్నాయి. చంద్రమౌళి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒకదాని తర్వాత ఒకటి డబ్బాలు గల్లా మీద పెట్టాడు.

"ఇదిగోనమ్మా, అయిదు పోర్టులది. ఇది ఎనిమిది. ప్లాస్టిక్ బాడీలోనూ ఉంది, ఇనప బాడీలోనూ ఉంది. ఇది వంద స్పీడు, ఇది వెయ్యి. ఇది చూడండి, తీగలోంచే కెమెరాకి కరెంటు కూడా పంపుద్ది."

యమున ఒక్కోదాన్నీ ఎత్తి, తిప్పి, వెనక చూసి, మళ్లీ పెట్టింది. ఏదీ ముందుకి జరపలేదు, ఏదీ వెనక్కి నెట్టలేదు. ఆమె పై పెదవి మీద చెమట పోసింది.

కూర్మయ్య అయిదు పోర్టుల డబ్బాని అరచేతిలో పెట్టుకుని కన్నాల్లోకి తొంగిచూశాడు. "బాబూ, మాకు వొచ్చే తీగకొకటి, కెమేరాకొకటి, పిల్లకొకటి. మూడు సాలు. మూడు కన్నాలది నేదేటి?"

"అయిదు కంటే చిన్నది నా దగ్గర లేదు తాతా."

"మరి రెండు ఖాళీ కదా."

"ఉండనీ. రేపు ఇంకేదైనా కొంటే పనికొస్తాయి."

"ఖాళీగా ఒగ్గీస్తే..." కూర్మయ్య ఆగి, మాట వెతుక్కున్నాడు. "దీంట్లోకి వొచ్చేది కారిపోదా?"

చంద్రమౌళి నవ్వలేదు. పెద్దవాళ్లని చూసి నవ్వే మనిషి కాదు. "కారదు తాతా. తీగ పెడితేనే పోద్ది, లేపోతే పోదు."

"పోనీ, సివరి కన్నానికి తక్కువొస్తాదేటి?"

"అన్నిటికీ ఒకటే. మొదలూ చివరా లేదు."

కూర్మయ్య తల ఊపాడు కానీ నమ్మలేదు. చంపావతి కాలవ కింద పుట్టి పెరిగిన మనిషి. మొదలూ చివరా లేని పారకం ఎక్కడుంటుంది? పైమడి వాడు తాగాకే కిందిమడికి. మధ్యలో ఒక్క మడవ తెరిచి ఉన్నా చివరి మడి నెర్రెలిస్తుంది.

యమున ఎట్టకేలకి అడిగింది. "మా ఇంటికొచ్చే నెట్టే వందదండి. వంద స్పీడుది సాలు కదా?"

"నిజం చెప్పాలంటే చాలమ్మా."

ఆమె వందదాన్ని దగ్గరికి లాక్కుంది. మళ్లీ చెయ్యి తీసేసింది. "ఒద్దండి. వెయ్యిదే ఇయ్యండి. ఇనపది."

"అదేటమ్మీ, సాలంతన్నాడు కదా?"

"సాలుతాది మావా. గాని ఆళ్ల టీవీ ఎప్పుడాగినా 'తక్కువరకం పెట్టె కొన్నారు' అంటారు. ఆ మాట ఒకటి రాకుండా ఉంటాది."

చంద్రమౌళి ఇంకో డబ్బా తీశాడు. "అలా భయమైతే ఇది కూడా చూడండి. ఎవరైనా తప్పు తీగ పెడితే తనే కనిపెట్టి ఆపుద్ది. కాస్త ఎక్కువ అవుద్ది."

"మా ఇంట్లో దాన్నెవులు ముట్టుకుంతారండి, తప్పు తీగ ఎట్టడానికి," అంది యమున. ఆ డబ్బా తిరిగి బీరువాలోకి వెళ్లిపోయింది.

బస్సులో డబ్బా కూర్మయ్య ఒళ్లోనే ఉంది. బస్సు గోతిలో పడినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద మూశాడు. గజపతినగరం వచ్చేసరికి అట్ట చెమటకి మెత్తబడింది.

ఆదివారం త్రినాథ్ ఆటో తీయలేదు. హాల్లోని రూటరుకి కెమెరా తీగ తీసేసి, ఆ కన్నంలోంచి కొత్త తీగని వసారాలోకి లాగి, గోడవెంట మేకులు కొట్టాడు. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టరు ప్లగ్గు వసారాలోనే ఉంది కాబట్టి, దాని పక్క గూట్లో పెట్టారు పెట్టెని. కూర్మయ్య మంచానికి సరిగ్గా తలవైపు. పెట్టెతో పాటు వచ్చిన జానెడు తీగ ఎక్కడికీ అందక గూట్లోనే మిగిలిపోయింది.

తీగలు పెట్టేటప్పుడు నరసింగరావు దగ్గరుండి పెట్టించాడు. లోపలికి వచ్చే తీగ పక్కనే ఉన్న కన్నంలో తన కెమెరా తీగ తనే గుచ్చాడు.

"కోడలిది?" అన్నాడు కూర్మయ్య.

"ఆ సివర ఎట్టరా తినాదూ. కలిసిపోకుండా ఉంటాది."

త్రినాథ్ చివరి కన్నంలో గుచ్చాడు. టిక్కుమంది. పచ్చదీపాలు వెలిగాయి. నరసింగరావు ఫోను తీసి, గొడౌను తలుపు కనబడుతోందా లేదా అని రెండుమూడు సార్లు చూసి లోపలికి వెళ్లాడు. యమున కంప్యూటరు ముందు కూర్చుని, మామూలు ఫోనులో కాకుండా కంప్యూటర్లోంచే కంపెనీ స్నేహితురాలితో మాట్లాడి చూసింది. తెగలేదు. నవ్వుతూ బయటికొచ్చి, "బాగున్నాది మావా," అంది. అన్నం పెట్టేటప్పుడు మావకి కూర రెండుసార్లు వడ్డించింది.

కూర్మయ్య మాత్రం సగం కంచంలోనే వదిలి లేచాడు. మంచం మీద పక్కకి తిరిగితే కళ్లెదుట పెట్టే. మొదట నీళ్లొచ్చే తూము. దాని పక్కన పెద్దాడి మడి. ఆ తర్వాత రెండు నోళ్లు బార్లా తెరుచుకుని ఖాళీగా. ఆ రెండూ దాటి చిట్టచివర కోడలిది. దీపాలు ఒకటి తర్వాత ఒకటి మిణుకుమంటున్నాయి, నెమ్మదిగా నమిలే పశువులాగ. కోడలి దీపం కాస్త మందంగా ఉన్నట్టు అనిపించింది. లేచి దగ్గరగా చూశాడు. ఉన్నట్టే ఉంది. మళ్లీ పడుకున్నాడు.

తెల్లవారేసరికి చేనిలో ఉన్నాడు. ఆ పూట నీటి వంతు తనది. గట్టు వెంట నడుస్తూ ఉంటే కాళ్ల కింద చల్లగా తగిలింది. ఎండ్రకాయలు గట్టుని తొలిచేశాయి. రెండు బొరియలు, పక్కపక్కన. వాటిలోంచి నీరు చప్పుడు లేకుండా పక్క డొంకలోకి పోతోంది. మడవ దగ్గర నిండుగా కనబడుతున్న నీరు చివరి మడికి చేరేసరికి అరికాలు తడవనంత. కూర్మయ్య వంగి, బంకమట్టి ముద్దలు చేసి, రెండు బొరియల్లోనూ మోచేతి దాకా కూరాడు. మడమతో తొక్కాడు. నీరు నిలబడింది, ఆలోచించుకున్నట్టు కాసేపు ఆగి, చివరి మడి వైపు సాగింది.

అది చూస్తూ అలాగే నిలబడిపోయాడు. తర్వాత పార భుజాన వేసుకుని గబగబా ఇంటి దారి పట్టాడు.

యమున నూతి దగ్గర తలంటుకుంటోంది. దుర్గ పాలకి వెళ్లింది. అన్నదమ్ములిద్దరూ పనుల్లోకి పోయారు. వసారాలో ఎవరూ లేరు. గూట్లో జానెడు తీగ. కూర్మయ్య మట్టిచేతులు తువ్వాలుకి పైపైన తుడుచుకుని తీగని తీసి చూశాడు. రెండు వైపులా రెండు తలలు. గూట్లో రెండు ఖాళీ నోళ్లు. కొలిచి చేసినట్టుంది. గుడ్డపీలికలు కూరితే పెట్టె పాడవుతుందేమో గానీ ఇది దాని తీగే కదా. ఒక తల ఒక కన్నంలో పెట్టాడు, టిక్కుమంది. రెండోది రెండోదాంట్లో, టిక్కు. ఇప్పుడు కారడానికి దారి లేదు. పోయేదేదైనా చివరికే పోవాలి. ఎవరికీ చెప్పలేదు. పరీక్ష గట్టెక్కాక చెబుదామనుకున్నాడు.

యమున తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చుంది. దేవుడి పటం వైపు ఓసారి చూసి బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది.

"మావా," అంది. ఆ పిలుపులోనే తేడా తెలిసింది. "కరెంటున్నాదా?"

"ఉన్నాదమ్మీ. దీపాలు బెమ్మాండంగా ఎలుగుతన్నాయి."

నిజంగానే వెలుగుతున్నాయి. అన్నీ ఒకేసారి, ఆగకుండా, రెప్ప వేయకుండా కొట్టుకుంటున్నాయి. అంత జోరు నిన్న లేదు. కూర్మయ్యకి మొదట సంతోషం వేసింది.

యమున వచ్చి, చివరనున్న తన తీగ ఒక్కటే చూసి, లాగి, మళ్లీ గుచ్చింది. లోపలికి పరిగెత్తింది. లేదు. సెల్లు తీసి చంద్రమౌళికి చేసింది. ఎత్తలేదు. పాలచెంబుతో వచ్చిన దుర్గ లోపల్నించి, "ఓలమ్మ, మా టీవీ కూడా రాటంనేదు," అంది. యమున ముఖం పాలిపోయింది. ఫోను ఆమె చేతిలోనే మోగింది. కంపెనీ వాళ్లు.

"చూస్తున్నాను మేడమ్... ఇప్పుడే మేడమ్... పదిహేను నిమిషాలు ఇవ్వండి మేడమ్."

అంతలో బండి చప్పుడు. నరసింగరావు కొట్టు తెరిచినవాడు తెరిచినట్టే వచ్చేశాడు. బండికి స్టాండు కూడా సరిగా వెయ్యలేదు.

"గొడౌను కనబడతన్నేదు! నాను ముందే సెప్పినానా నేదా? పీకీండి దాన్ని."

"బావగారూ, ఒక్క నిమిషం..."

"నిమిషం నేదు, ఏటీ నేదు. బాగున్న లైను పాడుసేసినారు. టీవీ నేదు, కెమేరా నేదు. ఇంత ఇల్లూ ఒక్కదాని కోసం ఆగిపోవాలేటి?"

యమున గూటికి అడ్డంగా నిలబడింది. బావగారి ఎదుట ఎప్పుడూ తలెత్తి నిలబడని మనిషి.  నేను ఆ రెండూ మూసి ఉండకపోతే ఇంకెంత పోయేదో అన్నదే ఇంకా కూర్మయ్య బుర్రలో ఉంది.

"తప్పుకో అమ్మా," అని నరసింగరావు పక్కనుంచి చెయ్యి పెట్టి, తన కెమెరా తీగ కోసం తడిమాడు. చేతికి వేరేది తగిలింది. "ఇదేటిది? ఇక్కణ్నించి ఇక్కడికే?"

యమున తిరిగి చూసింది. జానెడు తీగ, పెట్టెలోంచి బయటికొచ్చి, వంపు తిరిగి, మళ్లీ పెట్టెలోకే. దాని రెండు తలల మీదా ఇంకా ఆరని బంకమట్టి. ఆమె చూపు తీగ మీంచి కూర్మయ్య చేతుల మీదికి వెళ్లింది. మోచేతుల దాకా మట్టి. అప్పుడు కూర్మయ్య కూడా చూశాడు, ఆమె చూసినట్టు. కాలవలోంచి తీసిన నీరు తిరిగి కాలవలోకే. అక్కడే సుడి తిరుగుతుంది, ఏ మడికీ చేరదు. 

యమున ఆ తీగని ఒక్క లాగు లాగి పిడికిట్లో దాచేసింది.

"నానే బావగారూ. నిన్న సర్దుతన్నప్పుడు తగిలించీసినట్టున్నాను. సూసుకోనేదు."

దీపాలు ఒక్కసారి ఆరాయి. తర్వాత ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి, నిన్నటిలాగ మిణుకుమిణుకుమని వెలిగాయి. హాల్లో టీవీ గట్టిగా పలికింది. యమున ఎవరినీ చూడకుండా లోపలికి పరిగెత్తి, చెవులకి తగిలించుకుని, తలుపు వేసుకుంది. "నమస్కారం, చెప్పండి సార్," అన్న గొంతు తలుపు వెనకనుంచి వచ్చింది. కొంచెం వణికి, నిలబడింది.

నరసింగరావు ఫోనులో గొడౌను తలుపు చూసుకున్నాడు. కోపం మాత్రం తగ్గలేదు.

"సదివిందంట, కంపెనీలో పనంట. ఒక తీగ ఎక్కడెట్టాలో తెలీదు. ఇలాటిదాని సేతికి లైను ఇస్తే రేపొద్దు నా గొడౌను కూడా దోచుకుపోతారు. ఆ పరీచ్చ అయిపోనీ, సాయంత్రం పెట్టె తీయించీస్తాను."

తలుపు పలచనిది. ఆ గొంతు లోపలికి పోతుంది. అటు పరీక్ష చేస్తున్నవాళ్లకీ పోతుంది. కూర్మయ్య మంచం పట్టె పట్టుకుని లేచాడు.

"ఒరే, మెల్లిగా."

"ఏటి మెల్లిగా? నువ్వు ఎనకేసుకురాకు."

"ఆ తీగ ఎట్టింది నానురా."

నరసింగరావు చేతిలోని ఫోను దించాడు.

"పొద్దున సేనికాడ ఎండ్రకాయ బొరియలు మూసినాను. ఇక్కడ కూడా రెండు ఖాళీగా ఉన్నాయి కదా, పిల్లకి సివర్న ఎట్టినారు కదా, కారిపోతాదని మూసినాను." కూర్మయ్య మట్టిచేతులు ముందుకి చాపాడు. "పిల్ల నా తప్పు తన మీదేసుకున్నాది. నువ్వు తిట్టాలంటే నన్ను తిట్టు. గాని బయటికొచ్చి తిట్టు. పిల్ల పరీచ్చలో ఉన్నాది."

గడప దగ్గర దుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, ఇంకొకదానికో. నరసింగరావు తండ్రి చేతుల్ని చూశాడు. గూట్లో చివరనున్న తీగని చూశాడు, దాన్ని అక్కడ పెట్టమన్నది తనే. హాల్లోకి వెళ్లి టీవీ కట్టేశాడు. బండిని వీధి చివరదాకా తోసుకుంటూ వెళ్లి, అక్కడ స్టార్టు చేశాడు.

కూర్మయ్య నూతి దగ్గరికి పోయి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. మట్టి పోయాక కూడా కడుక్కుంటూనే ఉన్నాడు. ఇంట్లోకి రావడానికి మనసొప్పలేదు. చేనికి పోయి, అవసరం లేకపోయినా గట్టు మీద గడ్డి పీకుతూ పొద్దుగూకే దాకా ఉన్నాడు.

వచ్చేసరికి వసారాలో దీపం వెలుగుతోంది. యమున గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి లేచింది.

"ఎక్కడికి పోయినావు మావా అన్నం కూడా తినకుండా? ఉంచుకుంతామన్నారు. రేపట్నించి పనిలోకే."

"తెగనేదేటి?"

"ఒక్కపాలి కూడా తెగనేదు."

కూర్మయ్య అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. ఎటో చూస్తూ, "పెట్టె తీయించీసినాడా?" అన్నాడు.

 యమున గూటివైపు చూసింది. కూర్మయ్య లేచి దగ్గరగా వెళ్లాడు. పెట్టె అక్కడే ఉంది. వచ్చే తీగ, కెమెరా తీగ, చివరన కోడలిది. మధ్యన రెండు ఖాళీ కన్నాలూ ఖాళీగా లేవు. తెల్లటి ముక్క ఏదో మడతలు పెట్టి, కన్నానికి సరిపోయేలా కత్తిరించి, రెండింట్లోనూ బిగించి ఉంది. వేలితో తాకాడు. కరకరలాడే ఆ అల్లిక వేలికి తెలుసు. యూరియా బస్తా గుడ్డ. ఒక ముక్క అంచున పచ్చ అక్షరం సగం తెగి కనబడుతోంది.

"నువ్వెట్టినావా?"

"నాను కాదు. మద్దినేల నాను పనిలో ఉండగా కత్తెర సప్పుడైనాది, అంతే. నాకూ ఏటీ సెప్పనేదు."

గోడకి అటువైపు దుర్గ ఎవరికో అన్నం వడ్డిస్తోంది. గరిటె కంచానికి తగిలిన చప్పుడు వినిపించింది. టీవీ చప్పుడు లేదు.

ఆ కన్నాల్లోంచి ఏదీ కారదని కూర్మయ్యకి ఇప్పుడు తెలుసు. గోడ అవతల అన్నం తింటున్నవాడికి మొదట్నించీ తెలుసు. అయినా కూర్మయ్య వంగి, ఆ రెండు ముక్కల్నీ బొటనవేలితో చెరొకసారి లోపలికి నొక్కాడు.

"గట్టిగానే ఎట్టినాడు," అన్నాడు, అటువైపుకి వినబడేలాగ.